జూన్‌లో అడగాల్సిన మాట

(విశాఖపట్నంలోని ఒక బాలుర ఉన్నత పాఠశాలలో, బడి తెరిచిన రెండో వారంలో, విద్యార్థులు, తల్లిదండ్రుల సభలో ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

హెడ్మాస్టరు గారికి, తోటి ఉపాధ్యాయులకి, ఒక పూట పని మానుకుని వచ్చిన అమ్మలకి, నాన్నలకి నమస్కారం. పిల్లలూ, ఆ చివర ఎండలో ఉన్నవాళ్ళు ఇటు నీడలోకి జరగండి. మృగశిర కార్తె వచ్చింది గానీ మన విశాఖలో ఉక్క మాత్రం ఇంకా రోహిణిలాగే ఉంది. కొత్త యూనిఫాం చొక్కాలు అప్పుడే చెమటకి తడిసిపోయాయి. ఫర్వాలేదు, ఒకరి పక్కన ఒకరు సర్దుకుని కూర్చోండి.

పొద్దున్న ఫిషింగ్ హార్బర్ మీదుగా వచ్చాను. ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం జూన్ 14 అర్ధరాత్రితో అయిపోయింది కదా. 61 రోజులు ఒడ్డున కట్టి ఉన్న బోట్లు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళాయి. వెళ్ళే ముందు అక్కడ ఎంత పని జరుగుతుందో మీలో కొందరు పిల్లలకి నాకన్నా బాగా తెలుసు. ఇంజను విప్పి చూస్తారు. ఐసు, డీజిలు, మంచినీళ్ళు ఎక్కిస్తారు. పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతారు. వీటన్నిటికన్నా ముందు వలలు పరుస్తారు. వల చూసుకునే మనిషిని ఎప్పుడైనా నిలబడి గమనించండి. వలని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక్కో కన్నూ వేళ్ళతో తడుముకుంటూ పోతాడు. చిరుగు కనిపిస్తే కంగారుపడడు, ఎవర్నీ తిట్టడు. అక్కడే చతికిలబడి కుట్టేస్తాడు. ఇప్పుడు దొరికింది కాబట్టి సరిపోయింది, సముద్రంలో తెలిస్తే పట్టిన చేపంతా పోయేది అనుకుంటాడు.

మన బడి 12వ తారీఖున తెరిచారు. బోట్లు 15 నుంచి కదిలాయి. రెండూ ఒకే వారంలో వస్తాయి ప్రతి ఏడాదీ. ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళకి పైగా మగపిల్లలకి లెక్కలు చెప్పాను. నా అనుభవంలో తేలింది ఒకటే. మన పిల్లల చదువులో చిరుగులు ఎక్కడున్నాయో మనం మార్చి నెలలో వెతుకుతున్నాం. అప్పటికి బోటు నడిసంద్రంలో ఉంటుంది. వెతకాల్సింది జూన్‌లో. వెతకడానికి పెద్ద పెద్ద పరీక్షలు అక్కర్లేదు. పిల్లాడు "నాకు ఇది రాదు" అని నోరు తెరిచి చెప్పగలిగితే చాలు. మగపిల్లల బడిలో అన్నిటికన్నా కష్టమైన మాట అదే. ఇవాళ ఆ మాట గురించే మాట్లాడదామని వచ్చాను.

ముందుగా ఆరో తరగతి వాళ్ళు. ఎక్కడున్నార్రా? చేతులెత్తండి. ఇదిగో, అందరికన్నా ముందు వరుసలో ఉన్నారు. నిన్న మొన్నటి దాకా ఇంటి పక్కన చిన్న బడి, అందులో వీళ్ళే పెద్దవాళ్ళు. ఒకే టీచరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఆవిడకి వీడి పేరు తెలుసు, వీడి అమ్మ పేరు తెలుసు, వీడికి కోడిగుడ్డు పడదని కూడా తెలుసు. ఇక్కడికొచ్చేసరికి గంట కొట్టినప్పుడల్లా ఒక సారు మారిపోతారు. పక్కన చూస్తే మీసాలొచ్చిన పదో తరగతి అన్నయ్యలు. వీడు ఒక్కసారిగా చిన్నవాడైపోయాడు.

ఒక చిన్న సంగతి చెప్తాను, అమ్మలు బాగా వినండి. బడి తెరిచిన మొదటి వారంలో ఆరో తరగతి పిల్లల వాటర్ బాటిళ్ళు సాయంత్రం ఎత్తి చూడండి. కొందరివి నిండుగా ఉన్నవి ఉన్నట్టే ఇంటికొస్తాయి. ఇంత ఉక్కలో వాడికి దాహం వేయక కాదు. నీళ్ళు తాగితే బాత్‌రూమ్‌కి వెళ్ళాలి. అది ఎక్కడుందో తెలీదు, తెలిసినా అక్కడ పెద్ద పిల్లలు ఉంటారని భయం. సార్‌ని అడగడానికి సిగ్గు. అందుకని గొంతు ఎండిపోతున్నా పొద్దున్న తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా అలాగే కూర్చుంటాడు. నేను ఇది చాలా ఆలస్యంగా గమనించాను. గమనించాక మొదటి రోజు పాఠం మొదలుపెట్టే ముందు క్లాసునంతా వరుసగా తీసుకెళ్ళి మరుగుదొడ్డి, కుళాయి, భోజనాల దగ్గర చేతులు కడుక్కునే చోటు, ఆఫీసు రూము చూపించేవాణ్ణి. పది నిమిషాల పని. తర్వాత పదో తరగతిలో ఒక్కో కుర్రాడికి ఐదుగురు చిన్నవాళ్ళని అప్పగించేవాణ్ణి. "ఒరేయ్, వీళ్ళు నీ మనుషులు, వీళ్ళని ఎవరైనా ఏడిపిస్తే నిన్ను అడుగుతాను" అనేవాణ్ణి. అలా అప్పగిస్తే ఏడిపించేవాడే కాపలా కాస్తాడు. పదో తరగతి నాయనలారా, మీరు వింటున్నారు కదా. ఇవాళ్టి నుంచి ఆ పని మీది.

ఇప్పుడు చదువులోకి వద్దాం. జూన్ మొదటి రోజుల్లో నేను తొమ్మిదో తరగతికి ఒక చిన్న కాగితం ముక్క ఇచ్చేవాణ్ణి. మార్కులు లేవు, పేరు రాయక్కర్లేదు. ఒకే లెక్క: ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కలిపితే ఎంత? ప్రతి ఏడాదీ బోలెడు కాగితాల మీద ఒకటే జవాబు వచ్చేది, రెండు బై ఐదు. పైవి పైవి కలిపారు, కిందవి కిందవి కలిపారు. వీళ్ళు మొద్దు పిల్లలు కారండీ. ఇదే కుర్రాడు పూర్ణా మార్కెట్‌లో వాళ్ళ నాన్న కొట్టు దగ్గర నిలబడితే మూడున్నర కిలోల ఉల్లిపాయలకి చిల్లర ఎంతివ్వాలో నోటితో చెప్తాడు. కాగితం మీద గీత పైన ఒకటి, గీత కింద రెండు కనిపిస్తే మాత్రం అది వాడికి ఏదో కొత్త బొమ్మ.

అప్పుడు బోర్డు మీద గడియారం గీసేవాణ్ణి. ఒరేయ్, గంటలో సగం ఎంత? ముప్పై నిమిషాలు మేస్టారూ. గంటలో మూడో వంతు? కాసేపు ఆలోచించి, ఇరవై. సరే, స్టాపులో ఇరవై నిమిషాలు నిలబడ్డావు, గాజువాక బస్సులో అరగంట కూర్చున్నావు. మొత్తం ఎంతయింది? యాభై. మరి నువ్వు రాసిన రెండు బై ఐదు ఎంతో చూద్దాం. గంటని ఐదు ముక్కలు చేస్తే ఒక్కోటి పన్నెండు నిమిషాలు, రెండు ముక్కలంటే ఇరవై నాలుగు. బస్సులోనే ముప్పై నిమిషాలు కూర్చున్నవాడివి, దానికి ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డవాడివి, అన్నీ కలిపితే ఇరవై నాలుగెలా అవుతుందిరా? అప్పుడు క్లాసులో సన్నగా "ఓ..." అని ఒక చప్పుడు వస్తుంది. ముప్పై ఏళ్ళలో నాకు ఆ చప్పుడు విసుగు పుట్టలేదు. యాభై నిమిషాలంటే గంటలో ఐదు బై ఆరు. ఇక వాడికి ఆ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

అది ఐదు, ఆరు తరగతుల్లో రావాల్సిన లెక్క. తొమ్మిదిలో రాలేదంటే నాలుగేళ్ళు వాడు దాన్ని దాచుకున్నాడని అర్థం. ఎలా దాస్తారో తెలుసా? బోర్డు మీద ఉన్నది చక్కగా ఎక్కించుకుంటాడు. గైడు చూసి హోంవర్కు చేస్తాడు. "అర్థమైందా?" అంటే అందరితో పాటు "అర్థమైందండీ" అని గట్టిగా అరుస్తాడు. నిజం చెప్పాలంటే గట్టిగా అరిచేవాడినే నేను ఎక్కువ అనుమానించేవాణ్ణి.

అదే కుర్రాడు పదో తరగతికి వస్తాడు. ఫిజిక్స్‌లో కరెంటు పాఠం. రెండు ఓమ్‌ల నిరోధం, మూడు ఓమ్‌ల నిరోధం సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం ఎంత అని అడుగుతారు. సూత్రం బట్టీ పట్టాడు, చక్కగా రాశాడు. దాంట్లో వచ్చేది మళ్ళీ అదే, ఒకటి బై రెండు ప్లస్ ఒకటి బై మూడు. వీడు రెండు బై ఐదు వేసి, తిరగేసి, రెండున్నర ఓమ్‌లు అని రాస్తాడు. రావాల్సింది ఆరు బై ఐదు, అంటే 1.2 ఓమ్‌లు. సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం రెండిట్లో చిన్నదానికన్నా తక్కువే రావాలి. కరెంటుకి రెండో దారి దొరికింది కదా, అడ్డు తగ్గాలి గానీ పెరగకూడదు. ఇంట్లో అమ్మ అంటుంది, ఫిజిక్స్‌లో వీక్ అండీ, ట్యూషన్ పెట్టించాలని. ఫిజిక్స్‌లో ఏ లోపమూ లేదమ్మా. ఆరో తరగతిలో చిరిగిన చోటు నుంచి చేప పోతూనే ఉంది.

డిసెంబరు వస్తే పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక మొదలుపెడతారు. పొద్దున్నే స్పెషల్ క్లాసులు, సాయంత్రం స్టడీ అవర్లు, ఆదివారాలు కూడా. ఉపాధ్యాయులు ఆ రోజుల్లో ఎంత కష్టపడతారో నాకు తెలుసు, నేనూ పడ్డాను. కానీ నాలుగైదేళ్ళుగా చిరుగుతూ వచ్చినదాన్ని వంద రోజుల్లో కుట్టాలంటే వీలుకాదు. అప్పుడు చేసేది ఒకటే, 35 మార్కులు ఎలా తెప్పించాలా అని ముఖ్యమైన ప్రశ్నలు ఏరి బట్టీ పట్టించడం. పిల్లాడు గట్టెక్కుతాడు. ఇంటర్‌కి వెళ్ళి మొదటి నెలలోనే మునుగుతాడు. అందుకే ఈ జూన్ గురించి ఇంత ఆరాటపడుతున్నాను.

"రాదు" అని ఎందుకు చెప్పడు? ఇది నేను ఒక పిల్లాడి దగ్గర నేర్చుకున్నాను. పేరు చెప్పను, బడి పేరూ చెప్పను. ఎనిమిదో తరగతి. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేవాడు. బోర్డు మీద లెక్క వేస్తుంటే వాడి చూపు ఎప్పుడూ పక్కవాడి నోటుబుక్కులోనే. కాపీ కొడుతున్నాడని ఒకసారి చెప్పాను, రెండుసార్లు చెప్పాను, మూడోసారి నిలబెట్టాను. అందరి ముందూ అనరాని మాటలన్నాను. మూడు వారాలు ఇదే తంతు. చివరికి శిక్షగా ముందు బెంచీలో, నా బల్లకి ఎదురుగా కూర్చోబెట్టాను. ఆ రోజు వాడు ఒక్కసారి కూడా పక్కకి చూడలేదు. బోర్డు చూశాడు, రాసుకున్నాడు, అన్నీ కరెక్టు. నేను అక్కడే ఆగిపోయాను. క్లాసు అయ్యాక వాణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టి, గది అవతలి గోడ మీద ఉన్న కేలండర్లో నెల పేరు చదవమన్నాను. "ఏ కేలండరు మేస్టారూ?" అన్నాడు.

వాడికి దూరంలో ఉన్నవి కనిపించడం లేదు. రెండేళ్ళుగా. ఇంట్లో చెప్పలేదు, బడిలో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదురా అంటే తల వంచుకుని ఒకే మాట అన్నాడు, "సోడాబుడ్డి అంటారండీ." మా క్లాసులో అప్పటికే కళ్ళద్దాలున్న ఒక కుర్రాణ్ణి అందరూ అలాగే పిలుస్తున్నారు. నేనూ విన్నాను, విని ఊరుకున్నాను. అంటే వాడి నోరు నొక్కింది మిగతా పిల్లలే కాదు, ఆ పేరు విని ఊరుకున్న నేను కూడా.

వాళ్ళమ్మని పిలిచి మాట్లాడి, కంటి పరీక్ష చేయించి, అద్దాలు పెట్టించాం. అద్దాలొచ్చిన రోజు మేడ మీద వరండాలో నా పక్కన నిలబడి సముద్రం వైపు చూస్తూ, "డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ ఉంది మేస్టారూ" అన్నాడు. ఉంటుందిరా, ఎప్పట్నుంచో ఉంది అన్నాను. "నాకు కొండ ఒక్కటే తెలుసండీ" అన్నాడు. అందరి ముందూ నిలబెట్టి తిట్టాను కాబట్టి మర్నాడు అందరి ముందే వాణ్ణి క్షమించమని అడిగాను. ఇన్నేళ్ళయినా ఆ మూడు వారాలు గుర్తొస్తే నాకు మనసు బాగుండదు. అమ్మలారా, ఈ నెలలోనే పిల్లలకి ఒకసారి కంటి పరీక్ష చేయించండి. వాడు చెప్పే దాకా ఆగొద్దు, వాడు చెప్పడు.

ఇలాంటిదే ఇంకొకటి. ఏడు, ఎనిమిది తరగతుల్లో తెలుగు సారు పద్యం చదవమంటే చదవని పిల్లలుంటారు. నిన్నటి దాకా గంట కొట్టినట్టు చదివినవాడు ఈ ఏడాది నోరు విప్పడు. పొగరు అనుకుంటాం. కాదండీ, వాడి గొంతు మారుతోంది. ఆ వయసులో మగపిల్లల్లో స్వరపేటిక పెరుగుతుంది, స్వర తంతులు పొడవవుతాయి, మందమవుతాయి. ఒక మాట బొంగురుగా, ఇంకో మాట కీచుగా వస్తుంది. కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. ఈలోగా ఒక్కసారి క్లాసు నవ్విందంటే వాడు ఏడాది పొడుగునా చేయి ఎత్తడు. చిన్నవాళ్ళూ, మీ పక్కవాడి గొంతు జారితే నవ్వకండి. రేపు మీ వంతు వస్తుంది. నాన్నలు కూడా ఇంట్లో వాడితో ఇలాంటివి మాట్లాడాలి. మీ గొంతు మారినప్పుడు మీకేమనిపించిందో చెప్పండి. మగపిల్లాడికి ఒళ్ళు మారుతున్న సంగతి ఇంట్లో ఎవరూ చెప్పకపోతే, ఫోను చెప్తుంది. ఆ ఫోను ఏం చెప్తుందో మీకు నచ్చదు.

ఫోను మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఈ వయసు పిల్లలకి రాత్రి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెప్తారు. సెలవుల్లో రెండింటి దాకా గేములాడి మధ్యాహ్నం లేవడం అలవాటైపోయింది. మొదటి పీరియడులో కళ్ళు మూతలు పడుతున్నాయి. రాత్రి పదికి ఫోను అమ్మ దగ్గర ఉండాలి, నాన్న ఫోను కూడా. అంతే.

మన ఊళ్ళో పిల్లలకి పెద్దవాళ్ళు తరచుగా సి.వి.రామన్ గారి పేరు చెప్తారు. ఆయన చిన్నప్పుడు విశాఖలోనే పెరిగారు. తండ్రిగారు ఇక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్చరరుగా వచ్చారు. రామన్ గారు వన్‌టౌన్‌లో 1847లో మొదలైన సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి, పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఈ పదకొండేళ్ళ ముక్క చెప్పి మన పిల్లల్ని చిన్నబుచ్చడం నాకు ఇష్టం ఉండదు. పదకొండేళ్ళకి మెట్రిక్ ప్యాసయ్యేవాళ్ళు వందేళ్ళకి ఒకరో ఇద్దరో పుడతారు. ఆయన దగ్గర మనం తీసుకోవాల్సింది వేరే ఉంది.

1921లో ఆయన ఓడలో ఐరోపా వెళ్ళి వచ్చారు. అప్పటికి కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. ముప్పై రెండేళ్ళవాడు. మధ్యధరా సముద్రం చూసి ఆయనకి వచ్చిన ప్రశ్న ఏమిటంటే, సముద్రం నీలంగా ఎందుకుంది? ఆకాశం రంగు నీళ్ళలో కనిపించడం వల్ల అని అప్పటికే పెద్ద శాస్త్రవేత్తలు జవాబు చెప్పేశారు. అందరూ ఒప్పేసుకున్నారు. ప్రొఫెసరు గారికి ఇంత చిన్న విషయం తెలీదా అంటారేమోనని ఆయన ఊరుకోలేదు. ఓడ మీదే, చిన్న పరికరం పట్టుకుని, నీటి మీద పడిన ఆకాశపు ప్రతిబింబాన్ని అడ్డుకుని చూశారు. అయినా సముద్రం నీలంగానే ఉంది. అంటే నీటి అణువులే వెలుగుని చెదరగొడుతున్నాయి. అక్కడి నుంచి వెలుగు ఎలా చెదురుతుందో వెతుక్కుంటూ పోయి, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ దాకా వచ్చారు. 1930లో నోబెల్ బహుమతి. పిల్లలూ, ఆయన అడిగిన ప్రశ్న ఆరో తరగతి పిల్లాడు అడిగే ప్రశ్న. ఆయన చిన్నప్పుడు చూసిన సముద్రాన్నే మీరూ రోజూ చూస్తున్నారు. ఈ ఏడాది మీ సైన్సు సారుని ఎన్ని ప్రశ్నలు అడిగారో మీ నోటుబుక్కు చివరి పేజీలో రాసుకోండి.

సముద్రం దగ్గరికి వచ్చాం కాబట్టి, ఈ మాట కూడా ఇక్కడే చెప్పాలి. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. ఆర్కే బీచిలో, యారాడలో, భీమిలిలో పిల్లలు స్నానానికి దిగి కొట్టుకుపోయారని మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఎక్కువమంది మగపిల్లలే. గుంపుగా వెళ్తారు. ఒకడు దిగుతాడు, రారా అంటాడు. ఒడ్డున ఉన్నవాడికి ఈత రాదు. "నాకు ఈత రాదు" అని నలుగురిలో చెప్పలేడు. పిరికోడా అంటారని దిగుతాడు. చూశారా, క్లాసులో భిన్నం రాదని చెప్పలేనివాడే ఇక్కడ ఈత రాదని కూడా చెప్పలేకపోతున్నాడు.

మన తీరంలో నీరు ఎలా లాగుతుందో తెలుసుకోండి. అలలు ఒడ్డుకి తోసిన నీరు వెనక్కి పోవడానికి ఒక సన్నటి దారి చేసుకుంటుంది. ఆ దారిలో అలలు సరిగ్గా విరగవు, పైకి నిమ్మళంగా కనిపిస్తుంది. తెలియనివాళ్ళు అదే మంచి చోటని దిగుతారు. గజ ఈతగాడైనా ఆ ప్రవాహానికి ఎదురీదలేడు, అలసిపోతాడు. చిక్కుకుంటే ఒడ్డు వైపు పెనుగులాడకూడదు, తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి, చేయి ఊపాలి. స్నేహితుడు కొట్టుకుపోతుంటే వెంట దూకొద్దు. తాడో, ఖాళీ డబ్బానో, తేలేది ఏదైనా విసరండి, కేకలు వేయండి, 112కి ఫోన్ చేయండి. జాలరిపేట నుంచి వచ్చిన పిల్లలు మీలో ఉన్నారు. వాళ్ళ తాతలు ఒడ్డున నిలబడి నీటి రంగు చూసి "ఈ పూట వద్దు" అంటారు. సముద్రం మీదే బతికిన మనిషి. ఆయన వద్దంటే ఎవరూ పిరికివాడనరు. ఆ పిల్లలు మిగతావాళ్ళకి ఇది నేర్పాలి. బడి ఎగ్గొట్టి బీచికి వెళ్దామని ఎవడైనా అంటే, "నేను రాను" అనేవాడు మీ గుంపులో ఒక్కడుంటే చాలు, మిగతా నలుగురూ లోపల్లోపల ఊపిరి పీల్చుకుంటారు.

బండ్ల సంగతి ఒక్క ముక్క. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చారు. మైనర్ పిల్లాడు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లాడికి పాతికేళ్ళ దాకా లైసెన్సు రాదు. బీచ్ రోడ్డు మీద ముగ్గురేసి వెళ్తున్న స్కూలు పిల్లల్ని చూస్తే నాకు గుండె దడ వస్తుంది. తాళం జేబులో పెట్టుకోండి.

పదో తరగతి తల్లిదండ్రులకి ఇంకో ముక్క. పిల్లాడి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ స్కూలు రిజిస్టరులో, ఆధార్‌లో ఒకేలా ఉన్నాయో లేదో ఈ నెలలోనే చూసుకోండి. పదో తరగతి మెమోలో పడిన తేదీయే వాడికి జీవితాంతం సాక్ష్యం. తర్వాత ఒక్క అక్షరం మార్చడానికి ఏళ్ళు తిరుగుతారు.

ఇక నాన్నలతో మాట్లాడాలి. బడికి వచ్చి చాలామంది నాన్నలు నాతో అనే మాట ఒకటుంది: "మేస్టారూ, కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి, వీడు బాగుపడితే చాలు." ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. అయినా ఆ మాట ఇక అనకండి. 2009 విద్యా హక్కు చట్టం కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, దెబ్బ తిన్న పిల్లాడు నేర్చుకునేది ఒకటే, ఈసారి ఇంకా బాగా దాచాలని. వాడి చిరుగు మీకు ఇక ఎప్పటికీ కనిపించదు.

ఒక ఆటో నడిపే ఆయన ఉండేవారు, కంచరపాలెం వైపు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టమంటే, "నాకు చదువు రాదు మేస్టారూ, ఈడి సంగతి మీరే చూసుకోవాల" అన్నారు. నిండు వరండాలో, ఏమాత్రం మొహమాటం లేకుండా అన్నారు. పక్కనే కొడుకు నిలబడి ఉన్నాడు, లెక్కల్లో పదకొండు మార్కులు తెచ్చుకుని. "రాదు" అనే మాట తండ్రికి ఇంత సులువుగా వస్తే కొడుకు నోట ఎందుకు రావడం లేదా అనిపించింది నాకు. ఆయనకి ఒక పని అప్పగించాను. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక్క అరగంట కొడుకు పక్కన కూర్చోండి. ఇవాళ బడిలో చెప్పింది మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. మీకు అర్థం కాకపోతే నాకు అర్థం కాలేదురా, మళ్ళీ చెప్పు అనండి. మీకు చెప్పలేకపోయాడంటే వాడికీ రాలేదని లెక్క. ఆ చోట పెన్సిలుతో ఒక గుండ్రం చుట్టమనండి. మర్నాడు ఆ గుండ్రం నాకు చూపిస్తే చాలు. మొదటి వారంలో నోటుబుక్కు నిండా గుండ్రాలే. దసరా సెలవుల నాటికి పేజీకి ఒకటో రెండో. నేను ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. రాత్రి పది గంటల దాకా ఆటో తిప్పి వచ్చి, కళ్ళు మూతపడుతున్నా ఆయన కూర్చున్నారు.

మీలో స్టీల్‌ప్లాంటులో, పోర్టులో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్ళున్నారు. సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ ఉన్న వారంలో పిల్లాడు మేలుకుని ఉన్నప్పుడు మీరు నిద్రలో ఉంటారు. అయితే వారానికి మూడు రోజులు పెట్టుకోండి. అమ్మ కూర్చోవచ్చు, నాయనమ్మ కూర్చోవచ్చు. అడగాల్సింది మాత్రం "ఇవాళ ఎన్ని మార్కులొచ్చాయి" అని కాదు, "ఇవాళ ఏది అర్థం కాలేదు" అని. మొదట్లో "అన్నీ అయ్యాయి" అంటాడు. మర్నాడు మళ్ళీ అడగండి. తిట్టరని నమ్మకం కుదిరిన రోజున చెప్తాడు. చెప్పిన రోజున మాత్రం, దయచేసి, "ఇది కూడా రాదా" అనకండి. ఆ ఒక్క మాటతో నెల రోజుల పని నీళ్ళపాలవుతుంది.

ఉపాధ్యాయ మిత్రులకి నేను చెప్పదగినవాణ్ణి కాదు. మీకున్న పనులు, ఫోన్లో పెట్టాల్సిన ఫోటోలు, నింపాల్సిన వివరాలు మా రోజుల్లో లేవు. ఒకటే కోరతాను. ఈ జూన్‌లో సిలబస్ రెండు వారాలు ఆలస్యమైనా ఫర్వాలేదనుకోండి. క్లాసులో ఎవరైనా "రాదండీ" అని లేచి నిలబడితే, ముందు వాణ్ణి కూర్చోమని చెప్పి, "మంచి పని చేశావురా" అనండి. మిగతా నలభై మందీ చూస్తారు.

ఇప్పుడు మనం ఒక పని చేద్దాం. మన డ్రిల్లు మేస్టారు గారు మీ అందరికీ చిన్న చీటీలు పంచుతున్నారు. పేరు రాయొద్దు, తరగతి మాత్రం రాయండి. కింద ఒక్క వాక్యం, నాకు ఇది రాదు అని. భిన్నాలు కావచ్చు, ఇంగ్లీషు చదవడం కావచ్చు, తెలుగులో ఒత్తులు కావచ్చు, ఈత కావచ్చు, సార్‌ని అడగడం రాదు అని రాసినా సరే. పదో తరగతి వాళ్ళూ రాయాలి. అమ్మలూ నాన్నలూ రాస్తామంటే మీకూ చీటీలున్నాయి. రాసి ఈ అట్టపెట్టెలో వేయండి. లెక్కల చీటీలన్నీ నాకిస్తారు. హెడ్మాస్టరు గారు లైబ్రరీ గది ఇస్తానన్నారు. ఈ శనివారం నుంచి ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి అక్కడ ఉంటాను, వానొచ్చినా ఉంటాను. మిగతా చీటీలు ఏ సబ్జెక్టువి ఆ సారు చూస్తారు.

పెన్సిళ్ళు లేనివాళ్ళు ఇటు రండి, నా సంచిలో రెండు డబ్బాలున్నాయి. ఆ వెనక కిటికీ పక్కన కూర్చున్న బాబూ, నువ్వు కూడా రా నాన్నా. తొందరేం లేదు, ఆలోచించుకుని రాయండి.